గాడిద మొహం మీది అతుకు

తన బొమ్మకి ఫ్రేము కట్టించారన్న సంగతి ఇంకమ్మకి అందరికంటే ఆఖరున తెలిసింది. ఆఫీసులో ఆవిడకి సంబంధించిన సంగతులన్నీ అలాగే తెలుస్తాయి. ఊరంతా చెప్పుకుని మర్చిపోయాక.

"మీ బొమ్మ ఇవాళ మంత్రిగారికి బహుమతిగా ఇస్తున్నారటగా మేడమ్," అన్నాడు అటెండరు, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

"ఏ బొమ్మ?"

"అదే, ఏట్లో గాడిద."

"అది నా బీరువాలో ఉంది."

"మొన్న మీరు సెలవు పెట్టారు కదా. పెద్దాయన తెమ్మన్నారు, తీసిచ్చాను. ఫ్రేముకి కూడా మీ మరిదిగారి షాపుకే పంపాం. మనవాళ్లుండగా బయటవాళ్లెందుకని."

ఇంకమ్మ చేతిలో కలం ఆగిపోయింది. నిబ్బు చివర నిలబడ్డ సిరా చుక్క కాసేపు ఆలోచించుకుని, పొద్దున్నుంచీ గీస్తున్న బొమ్మ నడిమధ్యన పడింది.

ఆవిడ అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఎక్కడో ఉంది. నోటితో పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా మేడమ్, వెనకాల ఇంకమ్మ. కుడిచేతి వేళ్ల మీద నల్లసిరా మరక పుట్టుమచ్చలా స్థిరపడిపోయిన మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆ పత్రిక మొదటి పేజీ అడుగున మూడు కాలాల పెట్టె ఆవిడది. రోజూ ఆ పెట్టెలో ఎవరో ఒక నాయకుడు తన ముక్కుతోనో పొట్టతోనో ఊరికి దొరికిపోతూ ఉంటాడు.

ఆ పెట్టెకి ఒక కట్టుబాటు ఉంది. అచ్చయ్యేదాకా ఆవిడ బొమ్మని ఎవరూ చూడరు. ఎడిటరు చూడడు, యజమాని చూడడు. తనే గీసి, తనే స్కాన్ చేసి, తనే పేజీలో పెట్టిస్తుంది. అందరూ పెద్దాయన అని పిలిచే యజమాని, ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజున ఏదో మంచి హుషారులో ఉండి ఈ మాట ఇచ్చేశాడు. ఇచ్చాక వెనక్కి తీసుకోలేదు. జీతం పెరగకపోయినా, కుర్చీ విరిగినా, గదిలో ఫ్యాను తిరగకపోయినా ఆవిడ ఆ పత్రికని వదలకపోవడానికి కారణం ఆ ఒక్క మాటే. ముందు చూడటమంటూ మొదలైతే ముక్కు కొంచెం తగ్గించమంటారు. ముక్కు తగ్గాక పొట్ట. పొట్ట కూడా తగ్గాక మిగిలేది పాస్‌పోర్టు ఫోటో.

ఎడిటరుకి మాత్రం ఆ కట్టుబాటు గొంతులో ముల్లు. "అలా ఓ కన్ను వేస్తానంతే మేడమ్" అంటూ ఆవిడ గది చుట్టూ తిరుగుతుంటాడు. ఆవిడ ఎప్పుడు కాలు జారుతుందా అని కాచుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు జారే ప్రమాదం వచ్చిపడింది.

ఏట్లో గాడిద బొమ్మ సంగతి ఇది. ఏటి మీద వంతెన కట్టిస్తానని మంత్రి ఎన్నికల ముందు మాటిచ్చాడు, ఎన్నికలయ్యాక మర్చిపోయాడు. అందుకని ఇంకమ్మ ఆయన్ని గాడిద మీద ఎక్కించి ఏరు దాటించింది. మంత్రి చెప్పులు కూడా తడవకుండా, గొడుగేసుకుని దర్జాగా కూర్చున్నాడు. "లోతేం లేదే" అంటున్నాడు. కింద గాడిదకి ముక్కు దాకా నీళ్లు. బొమ్మ చూసి ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువగా మంత్రే నవ్వి, అసలు బొమ్మ తన ఇంటి గోడకి కావాలని కబురు పెట్టాడు.

అచ్చులో కనపడని సంగతి ఒకటి ఆ అసలు బొమ్మలో ఉంది.

సిరాతో పనిచేసేవాళ్లకి రబ్బరు ఎందుకూ కొరగాదు. గీత తప్పితే బ్లేడుతో గీకాలి, లేదంటే వేరే ముక్క మీద మళ్లీ గీసి దానిపైన అతికించాలి. స్కాన్ చేస్తే అతుకు కనపడదు. ఇంకమ్మకి ఇంకో పాడలవాటు కూడా ఉంది. పని మొదలెట్టే ముందు చెయ్యి సాగడానికి చిత్తుకాగితం మీద పెద్దాయన మొహం గీస్తుంది. ఆయన మీద కోపమేం లేదు. కార్టూనిస్టుకి ఆ మొహం వరం, అంతే. ముక్కుకీ పెదవికీ మధ్య ఎకరం ఖాళీ, కలిసిపోయిన కనుబొమలు, జారిన కింది పెదవి, గాలి ఎటు వీస్తుందో కనుక్కుంటున్నట్టు పక్కకి నిక్కిన చెవులు. ఆ రోజు హడావిడిలో చిత్తుకాగితం బదులు అసలు కాగితం మీదే చెయ్యి నడిచింది. గాడిద తల గీయబోయి చూసుకుంటే నీళ్లలోంచి పెద్దాయన తేలుతున్నాడు. పైన మంత్రి కూర్చున్నాడు. కట్టని వంతెన గురించి మంత్రి ఇచ్చే పేజీడేసి ప్రకటనలు ఆ పత్రికలో ఎంత ముద్దుగా వస్తుంటాయో తెలిసినవాళ్లకి అది బొమ్మ కాదు, వార్త.

ఇంకమ్మ కాసేపు చూసుకుని, తనలో తనే నవ్వుకుని, మామూలు గాడిద మొహం ఒకటి చిన్న ముక్క మీద గీసి దానిపైన అంటించి పంపేసింది. కింద ఎవరున్నారో ఆవిడకి, జిగురుకి తప్ప ఇంకెవరికీ తెలీదు.

జిగురు గట్టిదే, పైన అద్దం ఉంటుంది, భయం లేదు అనుకుంది. అయినా మనసాగక మరిదికి ఫోన్ చేసింది.

"నీకు నూరేళ్లు వదినా. ఇప్పుడే అనుకుంటున్నా."

"బొమ్మ ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటి, పెళ్లికూతుర్ని చేసి పంపాను. నువ్వే బొమ్మల్ని మరీ నిర్లక్ష్యంగా పెడతావు. నట్టనడుమ ఏదో కాగితం ముక్క అంటుకుపోయి ఉంది. ఆవిరి పట్టి, మెల్లగా, అసలు బొమ్మకి ఈకంత దెబ్బ తగలకుండా ఊడదీశాను. కింద ఎంత బాగుందనుకున్నావు."

ఇంకమ్మ నిలబడి ఉంది కాబట్టి కూర్చుంది. కూర్చున్నాక మళ్లీ లేచింది.

"ఆ ముక్క ఏది?"

"ఏ ముక్క?"

"ఊడదీసిన ముక్క."

"చెత్తలో వేశా."

"చెత్త ఏది?"

"బండి వచ్చి పట్టుకెళ్లిపోయింది. చెత్తతో నీకేం పని వదినా?"

"బొమ్మ ఏది?"

"మీవాళ్లొచ్చి ప్రెస్సుకి తీసుకెళ్లారు. ఏంటి, గొంతు అలా ఉంది? జలుబా?"

"నీ సామాన్ల సంచి తీసుకుని వెంటనే ప్రెస్సుకి రా. ఏమీ అడక్కు."

వాడి ఉద్దేశం మంచిదే, అంటాడు ఆవిడ భర్త తన తమ్ముడి గురించి. పెళ్లయినప్పట్నుంచీ అంటూనే ఉన్నాడు. టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తోందని గోడగడియారం ముల్లు పీకేసినప్పుడూ అదే మాట. వదినకి వెలుతురు బాగా వస్తుందని కిటికీ రెక్కలు ఊడదీసుకుపోతే, ఆ రాత్రి వానకి పరుపులు తడిసినప్పుడూ అదే మాట. మంచి ఉద్దేశం ఉన్నవాడితో వచ్చిన చిక్కేమిటంటే, వాణ్ణి తిట్టడానికి కూడా వీలుండదు.

ప్రెస్సు ఆఫీసు వెనక వీధిలోనే. ఇంకమ్మ చేతిసంచిలో కలం, సిరా బుడ్డి, జిగురు, మందపాటి కాగితం ముక్కలు వేసుకుని దాదాపు పరుగులాంటి నడకతో వెళ్లింది. లోపల కొత్త అచ్చుయంత్రానికి రిబ్బను కట్టి ఉంది. మంత్రి మీట నొక్కాలి, యంత్రం తిరగాలి, చప్పట్లు కొట్టాలి, పెద్దాయన బొమ్మ ఇవ్వాలి. వరసగా కుర్చీలు వేస్తున్నారు. వేదిక మీద బల్ల, బల్ల మీద రంగుకాగితం చుట్టిన ఫ్రేము.

"దుమ్ము పడుతోంది, లోపల పెడతా," అని ఫోర్‌మన్‌కి చెప్పి, సమాధానం వినకుండా ఫ్రేము ఎత్తుకుని, మనిషెత్తు కాగితం చుట్టల వెనక్కి వెళ్లిపోయింది. మరిది అప్పటికే అక్కడున్నాడు. మొహం నిండా నవ్వు.

"తెరువు," అంది.

"తెరవడమేంటి?"

"వెనక అట్ట తియ్యి. నువ్వు పీకిన ముక్కలాంటిది ఇంకోటి గీసి అతికించాలి."

మరిది నొచ్చుకున్నాడు. "తియ్యగానే వచ్చేదైతే దాన్ని ఫ్రేమనెందుకంటారు? అట్టకి జిగురు పెట్టాను, జిగురు మీద టేపు, టేపు మీద మేకులు, మేకుల మీద వార్నిష్. వరదొచ్చినా చుక్క దిగదు."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా చెయ్యడమే పనితనం."

"మొదలుపెట్టు."

వాడు మొదలుపెట్టాడు. ఒక్కో మేకునీ పసిపిల్లాడి పన్ను పీకినట్టు పీకుతున్నాడు. మేకు వంగకూడదట. ఇంకమ్మ కాగితం చుట్టకి ఆనుకుని, మోకాలి మీద ముక్క పెట్టుకుని గాడిద మొహం గీయడం మొదలెట్టింది. కంగారులో చెయ్యి మాట వినలేదు. వచ్చిన గాడిదకి ఎందుకో అచ్చం మరిది పోలికలొచ్చాయి. దిద్దే తీరిక లేదు.

"ఒక మాట చెప్పనా వదినా?"

"చెప్పకు."

"కింద ఉన్న గాడిదే బాగుంది. ఎవరో పెద్దమనిషి తరహాగా ఉంది. ఆ పైన అంటించింది ఉత్త గాడిద."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని... నీకు చెప్పేం లాభం. నాకు మందు కూడా అక్కర్లేదు, నువ్వుంటే చాలు. కానివ్వు."

"ఏంటి మేడమ్, ఇక్కడున్నారు?"

చుట్టల సందులో ఎడిటరు తల కనపడింది. ఇంకమ్మ ఫ్రేముని మరిది చేతిలోంచి లాక్కుని, బొమ్మ వైపు గుండెలకి ఆనించుకుంది.

"ఫ్రేము కాస్త వదులైందంటే బిగిస్తున్నాం."

ఇక్కడ ఏ మరిదైనా నోరు మూసుకుంటాడు. ఈ మరిది మూసుకోలేదు. "వదులేంటండీ? నేను కట్టిన ఫ్రేము వదులా? ఏనుగు నిలబడమనండి దీని మీద."

ఎడిటరు మొహంలో ఒక చిన్న వెలుగు వెలిగింది. ఎలక వాసన తగిలిన పిల్లి మొహంలో వెలిగేలాంటిది. "ఏదీ, ఓసారి ఇటివ్వండి. ఎప్పుడో అచ్చయిన బొమ్మే కదా మేడమ్. ఇప్పుడేం దాపరికం?"

బయట కార్ల హారన్లు మోగాయి. ఎవరో మంత్రిగారొచ్చేశారని అరిచారు. ఎడిటరు రెండు చేతులా ఫ్రేము అందుకున్నాడు. నలుగురు చూస్తుండగా ఆవిడ ఆయనతో గుంజులాట పెట్టుకోలేకపోయింది. వెనక చినిగిన రంగుకాగితాన్ని ఎడిటరు నడుస్తూనే సర్దుకుని, చంటిబిడ్డని మోసినట్టు మోసుకుంటూ వేదిక మీదికి వెళ్లిపోయాడు. లోపల ఏముందో ఆయనా చూడలేదు. చూసుంటే అంత జాగ్రత్తగా మోసేవాడు కాదు.

"ఒక పక్క మేకులు ఊడి ఉన్నాయి వదినా," అన్నాడు మరిది దిగులుగా. "అలా ఇస్తే నా పరువేం కాను?"

"నువ్వు వెనక గేటు నుంచి వెళ్లిపో. ఇంటికెళ్లు. ఏదీ బాగుచెయ్యకుండా కూర్చో."

మంత్రి మీట నొక్కాడు, యంత్రం తిరిగింది, చప్పట్లయ్యాయి. పెద్దాయన కొత్త సూటులో ఉన్నాడు. ఉపన్యాసంలో నిర్భయత్వం అన్న మాట తెగ వాడాడు. మంత్రి తల ఊపాడు. ఇంకమ్మ రెండో వరసలో కూర్చుని, ఇవే తన ఉద్యోగంలో ఆఖరి చప్పట్లేమో అనుకుంటూ అవి కూడా కొట్టింది. కొలువు పోతే పోయింది. పోకపోతే అంతకంటే కష్టం. రేపట్నుంచి ఎడిటరు ఎర్రపెన్సిలు పట్టుకుని ఆవిడ భుజం వెనక నిలబడతాడు.

పెద్దాయన రంగుకాగితం చింపాడు.

యంత్రం దగ్గర నిలబడ్డ ఫోర్‌మన్ నోట్లోంచి ఒక చప్పుడొచ్చింది. దాన్ని ఆయన దగ్గులోకి మార్చుకున్నాడు. మంత్రి బొమ్మ వైపు చూశాడు. పెద్దాయన వైపు చూశాడు. మళ్లీ బొమ్మ వైపు చూశాడు. రాజకీయాల్లో తలపండినవాడు. నవ్వాలో వద్దో తెలీనప్పుడు అవతలివాడు నవ్వేదాకా ఆగాలని ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. బుగ్గలు బిగబట్టుకుని ఆగాడు.

పెద్దాయన కళ్లజోడు మార్చుకుని బొమ్మ దగ్గరికి వంగాడు. కనుబొమలు కలిశాయి. కింది పెదవి జారింది. బొమ్మలో గాడిదకీ ఆయనకీ మధ్య జానెడు దూరం. ఫోటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే టక్కుమనిపించాడు.

"అచ్చులో ఇలా లేదే," అన్నాడు పెద్దాయన. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. "వీడు... వీడు మా తమ్ముడు కదూ."

పెద్దాయనకి ఒక తమ్ముడున్నాడు. పంపకాల్లో గొడవపడి బయటికెళ్లి, పోటీగా ఇంకో పత్రిక పెట్టాడు. అన్నదమ్ములు మాట్లాడుకోరు. ఒకరి పేపరు ఒకరు తెప్పించుకుని తిట్టుకుంటూ చదువుతారు. ఇద్దరికీ పోలికలు ఉన్నాయన్న మాట నిజమే గానీ, ఈ బొమ్మలో తమ్ముడి పోలిక సగం కూడా లేదు.

"ఆ చెవులు చూడండి. ఆ మూతి చూడండి," అన్నాడు పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ. "చిన్నప్పుడు ఈత నేర్చుకుంటూ నీళ్లు మింగినప్పుడు అచ్చం ఇలాగే ఉండేవాడు వెధవ."

మంత్రి బుగ్గలు వదిలేశాడు. "అవునండోయ్, మీ తమ్ముడుగారే. చూడగానే అనుకున్నా."

"ముమ్మూర్తులా ఆయనే సార్," అన్నాడు ఎడిటరు.

హాలంతా నవ్వింది. ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో ఎవరూ అడగలేదు.

ఇంకమ్మకి ముందు ప్రాణం లేచొచ్చింది. వెంటనే వేరే బాధ పట్టుకుంది. ఇన్నేళ్లుగా రోజూ గీసిన మొహం. చీకట్లో కూర్చోబెట్టినా గీస్తుంది. ఆ మొహం సొంతదారే దాన్ని చూసి ఇంకొకడంటున్నాడు. పోలిక చెడిందా? చెడలేదని హాల్లో మిగతావాళ్ల నవ్వులు చెబుతున్నాయి. వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. తన బొమ్మని తను పోల్చుకునే మనిషి పుట్టలేదు. అద్దం ముందుకి వెళ్లేటప్పుడే మనిషి మొహం సర్దుకుని వెళ్తాడు. సర్దుకోని మొహం ఊరికి తెలుసు, తనకి తెలీదు. ఇదంతా తెలిసినా ఇంకమ్మ చిరాకు తగ్గలేదు.

సాయంత్రం పెద్దాయన గదికి పిలుపొచ్చింది. బల్ల అవతల పెద్దాయన, ఇవతల ఎడిటరు, మధ్యలో కంప్యూటరు తెర మీద ఆ రోజు తీసిన ఫోటోలు.

"కూర్చోండమ్మా," అన్నాడు పెద్దాయన. అంత ప్రేమగా ఆయన ఎప్పుడూ పిలవలేదు. "గడుసువారే మీరు. పేపర్లో దాచి, అసలు బొమ్మలో పెట్టారన్నమాట. ఇక దాచక్కర్లేదు. రేపట్నుంచి ఆ గాడిద రోజూ మొదటి పేజీలో ఉండాలి. అదే మొహం. మూడు కాలాలు ఎందుకు, ఐదు తీసుకోండి."

"రోజూనా అండీ?"

"రోజూ. వాడు పొద్దున్నే పేపరు విప్పి చూసుకోవాలి. ఇంకో చిన్న విషయం. మధ్యాహ్నానికల్లా బొమ్మ నా బల్ల మీదికి వచ్చేయాలి. వాడి సంగతి నాకు తెలిసినట్టు మీకు తెలీదు. చెవులు ఎంత లాగాలో, మూతి ఎక్కడ వంచాలో నేను పక్కనుండి చెబుతాను."

"నాకు ఇచ్చేయండి మేడమ్," అన్నాడు ఎడిటరు, పండగ చేసుకుంటున్న గొంతుతో. "నేను ఓసారి చూసి సార్‌కి పంపిస్తాను."

ఇంకమ్మ ఇద్దరి వంకా చూసింది. బెదిరిస్తే ఎదురు తిరగడం ఆవిడకి తెలుసు. నవ్వుతూ, కుర్చీ వేసి, ఐదు కాలాలు చేతిలో పెట్టి లాక్కుంటుంటే ఎలా తిరగాలో తెలీలేదు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, పెట్టె పెరుగుతుంది, అందరూ సంతోషంగా ఉంటారు. రోజూ మధ్యాహ్నం ఈయన మొహాన్ని ఈయన ముందే పెట్టుకుని, చెవులు ఇంకాస్త లాగమంటే లాగుతూ, బతికినన్నాళ్లూ గడపాలి. ఆలోచించేకొద్దీ తల ప్రాణం తోకకొచ్చింది.

"అది మీ తమ్ముడు కాదండీ," అంది. "మీరు."

పెద్దాయన నవ్వుతూనే చెయ్యి ఊపాడు.

"పరాచికాలొద్దమ్మా."

"పరాచికం కాదు."

"మేడమ్ పొద్దున్నుంచీ నిలబడి అలిసిపోయారు సార్," అన్నాడు ఎడిటరు.

ఇంకమ్మ లేచి, తెర మీద ఆ ఫోటో మీద వేలు పెట్టింది. ఫ్రేము మీదికి వంగిన పెద్దాయన, జానెడు దూరంలో గాడిద. రెండు జతల కనుబొమలూ కలిసే ఉన్నాయి. రెండు కింది పెదవులూ జారే ఉన్నాయి.

పెద్దాయన చాలాసేపు చూశాడు. "నా చెవులు అలా ఉండవు," అన్నాడు చివరికి. అంటూనే ఎడమ చెయ్యి పైకి వెళ్లి చెవిని తడుముకుంది.

"ఉంటాయండీ. మీకు పక్కన ఉంటాయి కాబట్టి మీకు కనపడవు. మాకు ఎదురుగా ఉంటాయి."

తలుపు చప్పుడైంది. రమ్మనకముందే తెరుచుకుంది.

"వదినా, ఫ్రేము తగిలించే కొక్కేలు ఇవ్వడం మర్చిపోయాను. అవి లేకపోతే మంత్రిగారు గోడకి..." మరిది లోపలికొచ్చి, బల్ల వెనక మనిషిని చూసి ఆగిపోయాడు. మొహం విచ్చుకుంది. "అరె. ఆ గాడిద ఈయనా? నమస్కారం సార్. ముందే చెప్పుంటే ఇంకా జాగ్రత్తగా ఊడదీసేవాణ్ణి కదా వదినా."

ఇంకమ్మ కళ్లు మూసుకుంది.

"ఎవరీ అబ్బాయి?" అన్నాడు పెద్దాయన.

"నా మరిది."

"నన్ను ఇదివరకెప్పుడైనా చూశావా బాబూ?"

"లేదు సార్. బొమ్మలో చూడటమే. మనిషిగా ఇదే మొదటిసారి."

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రేపు మొదటి పేజీలో వెళ్లే ఫోటో ఏది?" అన్నాడు ఎడిటరుతో.

"ఇదే సార్."

"నన్ను తీసేసి వెయ్యండి."

ఎడిటరు తలూపాడు. మరిది తెర వైపు వంగి చూసి, సాయం చేద్దామని, "ఇద్దరిలో ఎవర్ని సార్?" అన్నాడు.

"నువ్వు కాసేపు బయట నిలబడు," అంది ఇంకమ్మ. వాడు నిలబడ్డాడు, తలుపు తెరిచే ఉంచి.

పెద్దాయన ఎడిటరు వైపు తిరిగాడు. "నువ్వు గుర్తుపట్టావా?"

"అంటే సార్, పోలికలు చూస్తే..."

"పట్టావా, లేదా?"

"పట్టాను సార్."

"మరి ముమ్మూర్తులా మా తమ్ముడన్నావే."

"మీరన్నారని సార్."

"అంటే నేనేమంటే అది నీకు కనపడుతుంది. అలాంటప్పుడు బొమ్మ నీ కళ్లలోంచి నా దగ్గరికి రావడమెందుకు? నేనే చూసుకుంటానుగా."

ఎడిటరు బల్ల మీదున్న కాగితాలు సర్దడం మొదలెట్టాడు. అవి ఆయన కాగితాలు కావు.

"మంత్రి నా వీపు మీద కూర్చున్నాడని మీకెప్పుడు అనిపించింది?" అన్నాడు పెద్దాయన ఆవిడతో.

"వంతెన ప్రకటనలు మొదలైనప్పట్నుంచి."

"అతికించి దాచారు కదా. ఇవాళ నేనే వేరే పేరు పెట్టి ఒడ్డున పడేశాను కూడా. ఇంకా ఎందుకు చెప్పారు?"

"చెప్పకపోతే రోజూ మధ్యాహ్నం మీరు నా పక్కన కూర్చుంటారు."

పెద్దాయన ఆ మాట విని నవ్వలేదు, కోప్పడలేదు. మళ్లీ తెర వైపు చూశాడు. ఈసారి గాడిద మొహం కాదు, దాని పైన గొడుగేసుకుని కూర్చున్న మనిషిని.

"బరువే," అన్నాడు. తర్వాత లేచాడు. "ఐదు కాలాల మాట మర్చిపోండి. మీ మూడు కాలాలు మీవి. పాత మాట పాత మాటే. అచ్చు కాకముందు చూడను." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "అచ్చయ్యాక కూడా చూడను. ఆ కింది భాగం మడిచేసి పేపరు చదువుకుంటాను."

గెలిచింది. గెలిచినట్టు సంతోషం రావాలి. రాలేదు సరికదా, ఒళ్లు మండింది.

"చూడకపోతే ఎలాగండీ? మొహం గీసేది ఎవరో ఒకరు చూడ్డానికేగా?"

"నేను చూడాలని ఏ ఒప్పందంలోనూ లేదు," అన్నాడు పెద్దాయన, తలుపు బయట నిలబడ్డ మరిదిని తప్పుకోమని సైగచేసి వెళ్లిపోతూ.

"ఎంత మర్యాదస్తుడు వదినా," అన్నాడు మరిది. "ఈ కొక్కేలు ఎవరికివ్వను?"

మర్నాడు పొద్దున్నే, ఇంకా మొహమైనా కడుక్కోకముందే ఫోను మోగింది.

"ఆర్థిక మంత్రి గెడ్డం సరిగా రాలేదు ఇవాళ," అంది పెద్దాయన గొంతు.

"చూడనన్నారు కదండీ."

"నేను చూళ్లేదు. మా ఆవిడ చూసి చెప్పింది."

"మీ ఆవిడగారు గెడ్డం గురించి చెప్పారా?"

"చెప్పింది. నిన్న గీసేటప్పుడు మీ మనసు ఎక్కడో ఉందట. ఆ గెడ్డం ఆయనది కాదట, ఎవరో దారినపోయేవాడిదట. నాతో చెప్పమంది, చెప్పాను. నాకేం సంబంధం లేదు." ఫోను పెట్టేశాడు.

ఇంకమ్మ పేపరు తెచ్చి, కిటికీ దగ్గర నిలబడి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసింది. గెడ్డం నిజంగానే సరిగా లేదు.